నాలుగు వందల నలభై మూడు జంపఖానాలు

కొత్తవాడలో వాన ముదిరితే ముందుగా నిండేది చెరువూ కాదు, కుంటా కాదు, మగ్గం గుంత. జంపఖానా నేసే మనిషి కాళ్ళు దించుకుని కూర్చోవడానికి ఇంటి నేలలోనే తవ్వుకున్న గుంత అది. కప్పు ఎంత గట్టిదైనా, గడప ఎంత ఎత్తు కట్టుకున్నా లాభం లేదు. ఆ నీళ్ళు పైనుంచి రావు, అడుగు నుంచి ఊరుతాయి. పొద్దున బకెట్లతో తోడిపోస్తే మధ్యాహ్నానికి మళ్ళీ మోకాలి లోతు. పడుగు బూజు పడుతుంది, నూలు ఆరదు, గంజి పట్టదు. మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగితే మజూరీ ఆగుతుంది.

అందుకే ఆ వాడకట్టులో తాతల నాటి నుంచి ఒక కట్టుబాటు ఉంది. గుంతలో నీళ్ళున్నన్ని రోజులు ఎవరూ ఎవరినీ అడగరు. నూలిచ్చి నేయించుకునే ఆసామి తాను ముందుగా ఇచ్చిన బయానా సొమ్ము అడగడు. కిరాణా కొట్టాయన పద్దు విప్పడు. పాలు పోసే ఆమె పైసల మాట ఎత్తకుండా పోసి పోతుంది. దీనికి రెండో వైపూ ఉంది. బాకీ అడగరాదంటే కొత్త అప్పు కూడా అడగరాదన్నమాటే. అందరి గుంతలూ నిండినప్పుడు ఎవరి దగ్గర ఉంటుందని అడుగుతారు? నీళ్ళు దిగేదాకా ఎవరి గంజి వాళ్ళు తాగాలి.

సరోజన ఆ కట్టుబాటులోనే పుట్టింది, పక్క గల్లీలోకే కోడలిగా వచ్చి ఆ కట్టుబాటులోనే పదిహేనేళ్ళు సంసారం చేసింది. అందుకని ఎనభై ఎనిమిదిలో, ఆషాఢం పోయి శ్రావణం వచ్చినా వాన విడవని ఆ రోజుల్లో, మూడు వారాలుగా టీవీ కిరాయి కట్టకుండా ఊరుకుంది. ఎగ్గొడదామని కాదు. గుంతలో నీళ్ళున్నాయి కదా అని.

గట్టయ్య ఆ సోమవారం పొద్దున్నే వచ్చాడు. చౌరస్తాలో టీవీల దుకాణం తరఫున వారం వారం కిరాయి వసూలు చేసుకుపోయే మనిషి. ఒకప్పుడు వాళ్ళదీ నేత ఇల్లే, తండ్రి పోయాక మగ్గం అమ్ముకుని సైకిలెక్కాడు. ఆ రోజు సైకిల్ గోడకు ఆనించి, గొడుగు మూసి, గడప దాటకుండా నిలబడ్డాడు.

"గుంత దిగిందా వదినె?"

"యాడ దిగింది గట్టయ్యా! నిన్న ముప్పై బకెట్లు తోడిన. మా అత్త ఇంక అందుల చేపలు పెంచుదామంటాంది."

లోపల రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్న యాదవ్వ నవ్వింది. "చేపలన్న వండుకోని తినచ్చు. ఆ మగ్గం కట్టెలను వండుకోని తింటమా?"

గట్టయ్య నవ్వలేదు. యాదవ్వ మాటకు అతను నవ్వకపోవడం ఈ రెండున్నరేళ్ళలో ఎన్నడూ లేదు.

"ఇయ్యాలటితోటి మూడు వారాలైతయి వదినె."

"ఔ. నీళ్ళు దిగంగనే అన్నీ ఒక్కసారి కడ్త. నీకు ఎరుక లేదా మా సంగతి? నువ్వు గీ వాడోనివేనాయె."

అతను చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొచ్చాడు దాన్ని.

"కాగితంల రాసున్నది. వరుసగ మూడు వారాలు కట్టకపోతె టీవీ డబ్బ వాపసు. కట్టినయన్ని కిరాయి కింద చెల్లు. ఇయ్యాల నాలుగు గంటల లోపట డెబ్బై రెండు, జుర్మాన ఆరు, మొత్తం డెబ్బై ఎనిమిది రూపాయలు కట్టాలె. లేకుంటే పొద్దూకక ముందే రిక్షా తీస్కోని వత్త."

"వాపసంటె? ఇంక పంతొమ్మిది వారాలే గద ఉన్నయి! కట్టినయి ఏమైతయి?"

"చెప్తిని గద. చెల్లు."

"మరి పోయిన వారం వచ్చినవు, అంతకు ముందటి వారం వచ్చినవు. గుంత నిండిందా అని అడిగి పోయినవు. అప్పుడెందుకు చెప్పలె?"

గట్టయ్య గొడుగు విప్పాడు. వాన అప్పుడు పెద్దగా ఏమీ లేదు. "నన్నేం అడగకు వదినె," అని సైకిలెక్కాడు.

సరోజన వెనక్కి తిరిగి టీవీ వైపు చూసింది. చెక్క డబ్బా టీవీ, ముందు రెండు బుడిపెలు, మీద యాదవ్వ ప్రత్యేకంగా నేయించిన చిన్న జంపఖానా ముక్క. దాని పక్కనే మేకుకు ఒక నూలుపోగు వేలాడుతోంది. సరోజనకు అక్షరాలు రావు. కిరాయి కట్టిన ప్రతి సోమవారం ఆ పోగుకు ఒక ముడి వేసేది. నూట ముప్పై ఒక్క ముళ్ళు. నూట యాభయ్యో ముడి పడిన నాడు టీవీ తమది.

అది ఇంట్లోకి ఎలా వచ్చిందంటే, ఎనభై ఆరులో మాఘ మాసపు పెళ్ళిళ్ళ రోజులవి. అప్పటికి వాడకట్టు మొత్తానికి నూలు సేటు ఇంట్లో ఒక్కటే టీవీ ఉండేది. సరోజన బిడ్డ సుగుణ వాళ్ళ కిటికీ చువ్వలు పట్టుకుని సినిమా చూస్తుంటే, లోపలినుంచి ఎవరో కిటికీ రెక్క వేసేశారు. పిల్ల వేలు నలిగి గోరు నల్లబడింది. ఆ గోరు ఊడి కొత్తది వచ్చేదాకా సరోజన రోజూ దాన్ని చూస్తూనే ఉంది. చౌరస్తాలో కిషన్ రావు అప్పటికి రెండేళ్ళుగా టీవీల దుకాణం నడుపుతున్నాడు. రొక్కం అక్కర్లేదు, నాలుగు వందలు ముందు కట్టి పట్టుకుపోండి, వారానికి ఇరవై నాలుగు కిరాయి ఇచ్చుకుంటూ పోండి, నూట యాభై వారాలకు మీదే అన్నాడు.

"వారానికి ఇరవై నాలుగంటె మూడు జంపఖానల మజూరి," అన్నాడు ఆమె మొగుడు లింగమూర్తి. మాట తక్కువ మనిషి. ఒక జంపఖానాకు ఎనిమిది రూపాయల మజూరీ ఆ రోజుల్లో.

"నీ మజూరి ముట్టుకుంటనా? శనారం సినిమాకు పెద్దలకు చారాన, పిల్లలకు పది పైసలు పెడ్త. అది తెచ్చిన కిరాయి అదే కట్టుకుంటది," అంది సరోజన.

ముందు కట్టాల్సిన నాలుగు వందల కోసం లింగమూర్తి తను నేసే ఆసామి వెంకట్రాజం దగ్గర బయానా తీసుకున్నాడు. బయానా తీరేదాకా ఇంకొకరి నూలు ముట్టుకోకూడదు. అప్పుడు ఆ మాట ఎవరికీ బరువనిపించలేదు.

మొదటి ఏడు అంతా సరోజన చెప్పినట్టే జరిగింది. ఆ ఏడు వానలు గట్టిగా పడి గుంతలన్నీ నిండాయి, పని లేని వాడకట్టంతా వచ్చి టీవీ ముందే కూర్చుంది. చారానాలు రేకు డబ్బాలో గలగలలాడాయి. రెండో ఏడు వాన ముఖం చాటేసింది, మగ్గాలు ఆగలేదు, కిరాయికి ఇబ్బంది రాలేదు. కానీ ఆ లోపల వాడలో ఇంకో నాలుగు టీవీలు వచ్చాయి. ఆదివారం పొద్దున దేవుళ్ళ కథ మొదలైంది. ఇల్లు ఇసకేస్తే రాలనంతగా నిండేది. సరోజన డబ్బా పట్టుకుని గడపలో నిలబడబోతే యాదవ్వ ఒప్పుకోలేదు.

"దేవుని కథకు పైసలా! నీకు కండ్లు పోతయే సరోజన. నువ్వు పైసలు తీస్కుంటె నేను పోయి పక్కింటి బక్కమ్మ ఇంట్ల చూస్త."

అలా అసలైన జనం వచ్చే రోజున డబ్బా ఖాళీ. సినిమా రోజున డబ్బా ఉన్నా జనం లేరు. అటు తరువాత కిరాయి లింగమూర్తి మజూరీలోంచే పోయింది. వారానికి మూడు జంపఖానాలు టీవీ నేసుకున్నట్టే.

ఇప్పుడేం చేయాలి? లింగమూర్తి వెంకట్రాజం ఇంటికి పోయాడు. గంటలో తిరిగి వచ్చాడు. తడిసిన కండువా దండెం మీద వేస్తూ, "అడిగిన," అన్నాడు.

"ఏమన్నడు?"

"ఏమనలె. 'లింగమూర్తీ, నీళ్ళున్నన్ని రోజులు నిన్ను నేనడుగుతాన్నా?' అన్నడు. నాకే సిగ్గనిపించింది. లేచి వచ్చిన."

అంతే. బక్కమ్మను అడుగుదామా అనుకుంది సరోజన. గోడ అవతల బక్కమ్మ బకెట్టుతో గుంత తోడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఎలా అడుగుతుంది? చెవులకున్న కమ్మలు పోయిన ఎండాకాలం యాదవ్వ కంటి ఆపరేషనుకు ఎంజీఎం దవాఖానా చుట్టూ తిరిగినప్పుడే పోయాయి. బియ్యం డబ్బా కింద పదకొండు రూపాయలున్నాయి. ఆమె వాటిని మూడుసార్లు లెక్కపెట్టింది, నాలుగోసారి పన్నెండు అవుతాయన్నట్టు.

లింగమూర్తి గుంత తోడడానికి దిగాడు. అప్పుడు సరోజన కళ్ళు అటక మీదికి పోయాయి.

అటక మీద రెండు జంపఖానాలున్నాయి. వాన ముదరడానికి ముందు నేసినవి, ఆసామికి అప్పజెప్పేలోపల వాన పట్టుకుంది. నూలు వెంకట్రాజంది, మాలు వెంకట్రాజంది. అంచున సన్నని పచ్చ గీత, అది ఆయన మాలు గుర్తు. స్టేషన్ రోడ్డులో పరుపుల దుకాణంవాడు ఒక్కోటి నలభైకి కళ్ళు మూసుకుని తీసుకుంటాడు. రెండూ కలిపితే ఎనభై. డెబ్బై ఎనిమిది పోను రెండు రూపాయలు మిగులుతాయి కూడా.

కొత్తవాడలో తాగుబోతును సహిస్తారు, పెళ్ళాన్ని కొట్టినవాడికి బుద్ధి చెప్పి కూర్చోబెడతారు. ఆసామి మాలు అమ్ముకున్నవాడికి మాత్రం ఆ తరువాత ఎవరూ నూలు ఇవ్వరు. వాడి కొడుక్కీ ఇవ్వరు. ఇది సరోజనకు తెలియని సంగతి కాదు. తెలిసీ, నీళ్ళు దిగాక లింగమూర్తి రాత్రింబవళ్ళు నేసి ఆ రెండింటి బదులు వేరే రెండు పెడతాడులే, ఆసామికి ఎవరు చెప్పొస్తారు అని తనకు తానే చెప్పుకుంది. నూలు ఎక్కడిదని మాత్రం తనను తాను అడగలేదు. రెండు జంపఖానాలూ పాత చీరలో చుట్టి, గోనెసంచిని కొప్పెరలా మడిచి నెత్తిన కప్పుకుని, వెనక దర్వాజలోంచి బయటపడింది.

దారి పొడుగునా ఎవరు ఎదురైనా కొంగు మూట మీదికి లాక్కుంటోంది. "యాడికే సరోజన గీ వానల?" అని ఎవరో అరుగు మీదినుంచి అడిగితే, "పిండి గిర్నీకి," అంది. గిర్నీ అటు వైపు కాదు. మూట ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుంది. ముందు టీవీల దుకాణానికి పోయి ఒకసారి బతిమాలి చూద్దాం, వింటే సరే, వినకపోతే స్టేషన్ రోడ్డు ఎంత దూరం అనుకుంది. అలా అనుకున్నాక కాళ్ళు కొంచెం తేలికయ్యాయి.

కిషన్ రావు దుకాణంలో పొద్దుటిపూటే ట్యూబులైట్లు వెలుగుతున్నాయి. ఆయన మర్యాదస్థుడు, ఎవరినీ నువ్వు అని పిలవడు. ఎదురుగా కుర్చీల్లో కొత్తగా పెళ్ళయిన జంట. అమ్మాయి చేతులకు పచ్చని గాజులు ఇంకా నిండుగా ఉన్నాయి. ఆయన వాళ్ళతో చెప్తున్నాడు.

"రొక్కమైతే ఇరవై రెండు వందలు. అంత ఒక్కసారి పెట్టుడు మీకెందుకు కష్టం? నాలుగు వందలు కట్టి పట్టుకపోండి. వారానికి ఇరవై నాలుగు. చాయ పైసలు."

సరోజన గడపలో ఆగిపోయింది. రొక్కం ధర ఆమె వినడం అదే మొదటిసారి. తాను టీవీ తీసుకున్న నాడు రొక్కం ధర అడగలేదు. చేతిలో రొక్కం లేని మనిషి రొక్కం ధర ఎందుకు అడుగుతుంది?

"రండి అమ్మా, కొత్తవాడ కదా," అన్నాడు కిషన్ రావు ఆమెను చూసి. "గట్టయ్య చెప్పిండా?"

"చెప్పిండు సేటు. గుంతల నీళ్ళున్నయి. మా దాంట్ల నీళ్ళున్నన్ని రోజులు ఎవ్వరడగరు. రెండు వారాలు ఆగుండ్రి, మీ కాళ్ళు మొక్కుత. ఒక్క పైస ఉంచుకోను."

"అది మీ వాడ కట్టుబాటమ్మా. మా దుకాణం చౌరస్తా మీద ఉన్నది. ఇక్కడికి నీళ్ళు రావు." నవ్వుతూనే అన్నాడు. తరువాత చంకలో మూట చూశాడు. చుట్టిన పాత చీర జారి జంపఖానా అంచున పచ్చ గీత కనిపిస్తోంది. "మాలు చేతిలనే పెట్టుకోని తిప్పలు పడుతున్నరేంది? అమ్ముకోని కట్టెయ్యరాదు? రూపాయి పనికి ఇంత ఫికరా?"

ఆ మాట తన మనసులోంచే తీసి అన్నట్టుంది. సరోజన మూటను వెనక్కి దాచుకుంది. ముఖం తిప్పుకుంటే దుకాణం లోపలి మూల కనిపించింది. అక్కడ మెకానిక్ రాజమల్లు ఒక టీవీని గోనెసంచి మీద బోర్లా తిప్పి పెట్టి, కిరోసిన్ గుడ్డతో దాని అడుగు రుద్దుతున్నాడు. రుద్ది రుద్ది, చాకు మొనతో గీకుతున్నాడు. గీకుతుంటే పొడి రాలుతోంది. పసుపు పచ్చ పొడి, ఎర్ర పొడి.

సరోజన రెండడుగులు లోపలికి వేసింది. టీవీ అడుగున బొట్లు. ఒకటి పసుపు మీద కుంకుమ. దాని పక్కన గంధం మీద కుంకుమ, ఎండి పగుళ్ళు పట్టింది. ఇంకాస్త అటుగా ఒక పాత మరక, దాని మీద అక్షింత గింజ ఒకటి అతుక్కుని ఉంది. ఒక ఇంటి బొట్టు కాదు అది. ముగ్గురు ఆడవాళ్ళ చేతులు.

దసరా నాడు నేతింట్లో మగ్గానికి బొట్టు, రైతు ఇంట్లో నాగలికి బొట్టు, కుట్టు మిషనుంటే దానికీ బొట్టు. టీవీ వస్తే దానికీ పెట్టాలి కదా. అయితే మరకలు పడితే జుర్మానా అని కాగితంలో ఉంది, గట్టయ్య చదివి వినిపించాడు. అందుకని యాదవ్వ ఒక ఉపాయం చెప్పింది. లింగమూర్తి టీవీని కాస్త ఎత్తి పట్టుకుంటే, ఆమె కింద చెయ్యి పెట్టి తడుముకుంటూ బొట్టు పెట్టింది. ఆ ఉపాయం తమ ఒక్క ఇంటిదే అనుకుంది సరోజన. అన్ని ఇళ్ళ ముసలమ్మలకూ ఆ ఉపాయమే తోచిందన్నమాట.

"ఎవరియన్నా గీ బొట్లు?" అని అడిగింది.

రాజమల్లు తలెత్తి చూసి, సేటు వైపు చూసి, మళ్ళీ గీకుడులో పడ్డాడు.

"ఆ పిల్లలకు చూపిస్తున్న టీవీ కూడ గిట్లనే కడిగిందేనా?" అని ఆమె అడగాలనుకుంది. కొత్త జంటలో అమ్మాయి ఆమె వైపే చూస్తోంది. ఆ పచ్చని గాజుల చేతిలో మడిచిన నోట్లున్నాయి. చంకలో ఇంకొకరి మాలు పెట్టుకున్న మనిషి దుకాణం నడుమ నిలబడి ఏమని గట్టిగా మాట్లాడుతుంది? అడిగితే ముందు ఆ మూట ఎక్కడిదంటారు. ఆమె దిగి వచ్చేసింది. స్టేషన్ రోడ్డు వైపు తిరగాల్సిన మూల దగ్గర ఆగింది. తిరగలేదు.

తిరిగి వస్తూ దారంతా లెక్క వేసుకుంది. రూపాయల లెక్క ఆమెకు ఒంటికి తగలదు, జంపఖానాల లెక్క తగులుతుంది. రొక్కం పెట్టి కొంటే ఇరవై రెండు వందలు. అంటే రెండు వందల డెబ్బై ఐదు జంపఖానాలు. తాము వారానికి మూడు లెక్కన నూట ముప్పై ఒక్క వారాలు కట్టారు. అవి మూడు వందల తొంభై మూడు. ముందు కట్టిన నాలుగు వందలకు ఇంకో యాభై. నాలుగు వందల నలభై మూడు జంపఖానాలు. లింగమూర్తి గుంతలో కూర్చుని, నడుం పట్టేసి, గోడ పట్టుకుని లేచిన రోజులన్నీ అందులో ఉన్నాయి. టీవీ ధర ఎప్పుడో తీరిపోయింది. తీరి, నూట అరవై ఎనిమిది జంపఖానాలు ఎక్కువైంది. అయినా టీవీ తమది కాదు.

ఇంటికి వచ్చేసరికి లింగమూర్తి ఇంకా గుంత తోడుతూనే ఉన్నాడు. సరోజన చడీచప్పుడు లేకుండా జంపఖానాలు విప్పింది. ఒకదాని మూల తడిసింది. పొయ్యి దగ్గర పట్టి ఆరబెడుతుంటే యాదవ్వ రాట్నం ఆపి చూసింది. 

"రెండూ ఉన్నయా?"

"ఉన్నయత్తా."

"మంచిగ ఆరబెట్టు. అంచు ముడుసుకపోతది," అని మళ్ళీ రాట్నం తిప్పింది. ఆ రోజు తరువాత ఆ సంగతి ఆ ఇంట్లో ఎన్నడూ ఎవరూ ఎత్తలేదు.

ఆరబెట్టి అటకెక్కించాక సరోజన టీవీ మీది గుడ్డ తీసింది. "అత్తా, జర ఇటు పట్టు," అంది. ఇద్దరూ కలిసి టీవీని కిందికి దించి, బొంత పరిచి, బోర్లా తిప్పారు. మూడు బొట్లున్నాయి. రెండు యాదవ్వవి, ఎనభై ఆరు దసరాది ఒకటి, ఎనభై ఏడు దసరాది ఒకటి. మూడోది వీళ్ళది కాదు. గీకినా పోని మరక, చాకు గీతల నడుమ ఎర్రగా మిగిలి ఉంది.

యాదవ్వ దాన్ని వేలితో తడిమింది. "ఔనే. మొదటి దసరకు నా వేలికి గరుకుగ ఏదో తగిలింది. చెక్క పెచ్చు లేసిందనుకున్న. ఎవరో తల్లి బొట్టు గిది. ఇది మనకు కొత్తదని ఇచ్చిండు గదనే వాడు!"

సరోజన మూలన ఉన్న, రంగు కాచే డేగిసా దగ్గరికి పోయింది. నూలుకు అద్దగా మిగిలిన ఎర్ర రంగు అడుగున ఉంది. పక్కా రంగు, ఉతికితే పోయేది కాదు, కిరోసిన్‌కూ లొంగేది కాదు. అందులో తుమ్మబంక కలిపి చిక్కగా చేసింది. ఒక ఖాళీ కండె పుల్ల తీసుకుంది. మేకుకున్న నూలుపోగు తీసి సుగుణ చేతికిచ్చింది.

"నువ్వు ముడి ముడికీ లెక్క చెప్పు బిడ్డా. తప్పద్దు."

"ఏం జేస్తానవే అమ్మా?"

"బొట్లు పెడ్తాన."

సుగుణ ఒకటి అంటే ఒక చుక్క, రెండు అంటే రెండో చుక్క. పది అయితే వరుస మార్చింది. ముద్దగా, వేలికి తగిలేట్టు పెట్టింది. చదువు వచ్చినామె అయితే అక్షరాలు చదువుకుంటుంది. రానామె ఏం చదువుతుంది? రేపు దసరాకు ఎవరి ఇంట్లోనో ఏ ముసలమ్మో కింద చెయ్యి పెట్టి తడుముతుంది. గరుకుగా వరుసలు వరుసలుగా తగిలితే, ఏందే ఇది అని తిప్పి చూపించమంటుంది. పదమూడు వరుసలు, మీద ఒక్క చుక్క. అప్పుడు లెక్కపెట్టుకుంటారు. ఇంత కట్టినామె దగ్గరినుంచే ఇది వచ్చింది అని తెలుసుకుంటారు. సుగుణ చివర్లో తనంతట తానే కండె పుల్ల తీసుకుని, ఒక మూల 'కొత్తవాడ' అని రాసింది. అందులో 'వా' కాస్త అలుక్కుపోయింది.

లింగమూర్తి గుంతలోంచి తలెత్తి చూశాడు. "జుర్మాన వేస్తడేమో."

"ఎయ్యనీ. గుంతల నీళ్ళు దిగినంక అడుగుమను," అంది సరోజన. ఆ పొద్దటినుంచి ఆమె మామూలుగా మాట్లాడిన మొదటి మాట అది.

రిక్షా వచ్చేలోపల బంక గట్టిపడాలి. వాన గాలికి తొందరగా ఆరదు. పొయ్యిలోని బొగ్గులు చిప్పలోకి ఎత్తి దగ్గర పెట్టి, విసనకర్రతో విసిరింది. నాలుగున్నరకే వాకిట్లో రిక్షా గంట మోగింది. ఇద్దరూ గబగబా టీవీని తిప్పి యథాస్థానంలో కూర్చోబెట్టారు.

గట్టయ్య లోపలికి వచ్చాడు. డబ్బులు సర్దుబాటయ్యాయా అని అడగలేదు. సరోజన ముఖం చూస్తే తెలిసిపోయింది.

"గట్టయ్యా, నిజం చెప్పు. ఇది మాకంటె ముందు ఎవరింట్ల ఉండె?"

"నాకేం ఎరుక వదినె."

"నువ్వే తెచ్చి దించినవు. నువ్వే తీస్కపోతానవు. నీకు ఎరుక లేకుంటె ఎవరికెరుక?"

గట్టయ్య రిక్షావాడు బయటే ఉన్నాడని చూసుకున్నాడు. "రఘునాథపల్లిల ఒక రైతుది. అరవై ఒక్క వారం కట్టిండు. కోతలకు ముందు చేతిల పైస లేక మూడు వారాలు ఆగిండు. పంట వచ్చినంక ఇస్తనన్నడు." ఇంకాస్త దగ్గరికి వచ్చి అన్నాడు. "రైతుకు కోతల ముందు. మీకు వానల. ఎవరి మూడు వారాలు ఎప్పుడొస్తయో సేటుకు మంచిగ ఎరుక. ఆ మూడు వారాలల్ల యాది చెయ్యద్దంటడు. చెప్తె నౌకరి పోతది. నాకు ఇద్దరు ఆడపిల్లలు వదినె."

యాదవ్వ రాట్నం దగ్గరినుంచే అంది. "మీ నాయిన మా మామతోటి కలిసి నేసిండురా గట్టయ్యా. గీ గుంతలనే కూసోని గటుక తాగిండు."

అతను ఆ మాటకు తల వంచుకుని, రిక్షావాణ్ణి పిలిచాడు. ఇద్దరూ చెరో పక్క పట్టి లేపారు. లేపుతుంటే గట్టయ్య వేళ్ళు అడుగున తగిలాయి. ఆగాడు. టీవీని కాస్త వంచి కిందినుంచి చూశాడు. వరుసలు వరుసలుగా ఎర్ర చుక్కలు. బొటనవేలితో ఒక చుక్కను రుద్దాడు. ఇంకా గట్టిగా రుద్దాడు. వేలికి కొంచెం కూడా అంటలేదు.

సేటుకు చెప్తే అంతే. చెక్కను చిత్రిక పట్టిస్తాడు, చుక్కలు పోతాయి, పైన జుర్మానా వేస్తాడు. నాలుగు వందల నలభై మూడు జంపఖానాలూ ఎవరికీ తెలియకుండా పోతాయి.

"పక్కా రంగా?" అని అడిగాడు గట్టయ్య.

"పక్కాదే."

అతను చుక్కలు లెక్కపెడుతున్నట్టు చూశాడు. లెక్క అతనికి తెలుసు, ప్రతి సోమవారమూ కిరాయి చీటీ మీద తనే ముద్ర వేశాడు. తరువాత భుజం మీది తువ్వాలు తీసి, టీవీ కింద పరిచి, ఆ తువ్వాలుతో సహా రిక్షాలో పెట్టాడు. అంచులు లోపలికి మడిచాడు, ఎవరికీ ఏమీ కనిపించకుండా.

"సేటుకు నడుం నొప్పి వదినె," అన్నాడు సైకిలెక్కుతూ. "కిందికి వంగి చూడడు. గీకద్దని రాజమల్లుకు నేను చెప్త."

రిక్షా మూల తిరిగేదాకా సుగుణ గడపలో నిలబడి చూసింది. పోగు ఇంకా ఆ పిల్ల చేతిలోనే ఉంది. గోడ అవతలినుంచి బక్కమ్మ కేకేసింది, "ఏమైందే సరోజన, రిపేరుకు పంపినవా?" అని. సరోజన, "ఔ, రిపేరుకే," అంది. వెంకట్రాజం బయానా నాలుగు వందలూ అలాగే ఉన్నాయి. అవి తీరేదాకా ఇంకొకరి నూలు ముట్టుకునేది లేదు. టీవీ పోయింది కానీ టీవీకి నేయాల్సిన జంపఖానాలు ఇంకా యాభై మిగిలే ఉన్నాయి.

"ఆ వాకిట్ల ఏంటీనా బొంగు మనదేనానే?" అని యాదవ్వ అడిగింది.

"మనదే అత్తా. మనమే కొన్నం."

"తియ్యకు. వాన ఆగినంక తడి నూలు ఆరేసుకోవచ్చు. మంచి ఎత్తున్నది."

సరోజన చీర కుచ్చెళ్ళు ఎగదోపి, ఇంకో బకెట్టు తీసుకుని, మొగుడి పక్కన గుంతలోకి దిగింది. నీళ్ళు ఇప్పుడు పిక్కల లోతే ఉన్నాయి.